ఎవరికీ కనబడని బోర్డు

పాత వంతెనను ఏరు ఎత్తుకుపోయిన పెద్ద వరద తర్వాత నాలుగో ఏడు అది. అక్కడ ఎవరు ఏ సంగతి చెప్పినా వరదకు ముందా, తర్వాతా అనే అడుగుతారు. ఇది తర్వాతది.

పోయిన వంతెన బదులు ఏటికి అడ్డంగా తక్కువ ఎత్తున కట్టిన చప్టా మీద పాలవ్యాను కొట్టుకుపోయిన సంగతి పేపరు చదివేవాళ్లకు గుర్తుండే ఉంటుంది. నీళ్లు పొంగుతుంటే చప్టా గేటు మూయాలి. మూయలేదు. కంట్రోల్ రూములో కూర్చునే ఆపరేటరు గోడమీది తెర చూపించి, బోర్డు పచ్చగానే ఉంది కదా, నేనెందుకు మూస్తానన్నాడు. దాంతో అందరి చూపూ ఎగువన కొలత గుడిసెలో ఉండే మనిషి మీదికి తిరిగింది. నీళ్లు ఎర్రగీత దాటితే కంటితో చూసి లెక్క పంపాల్సింది అతనే. పంపాను, చేరిందని జవాబు కూడా వచ్చిందని అతను మొదటినుంచీ ఒకటే మాట మీద ఉన్నాడు. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. నిద్రపోయి ఉంటాడన్నారు. ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు. వ్యాను డ్రైవరు శవం రెల్లుపొదల్లో దొరికిన రోజున ఆ డ్రైవరు భార్య గుడిసె దాకా వచ్చి, "బాగా పట్టిందా నిద్ర?" అని అడిగి వెళ్లిపోయింది. కొలతాయన నోరు అప్పటినుంచీ సగం మూతపడింది.

తెల్లారితే విచారణ. కంట్రోల్ రూము తలుపుకు వేసిన సీలు అధికారి వచ్చి తీస్తాడు. లోపల యంత్రాన్ని మాత్రం ఎవరూ ఆపలేదు. ఆనాడు ఎలా నడుస్తోందో అలాగే నడుస్తోంది.

ఆ తెరమీది బోర్డు తయారుచేసినవాడు కొలతాయనకు స్వయానా బావమరిది. బస్టాండు వెనక చిన్న షాపు. బస్సుల వేళలు చూపే తెర, ఆస్పత్రిలో ఎవరి వంతు వచ్చిందో చూపే తెర అన్నీ అతని చేతివే కాబట్టి అందరూ అతన్ని బోర్డాయన అంటారు. తప్పు నా బోర్డులో లేదని అధికారి ముందు గట్టిగా చెప్పి వచ్చాడు. చెప్పాడే గాని మనసు కుదుటపడలేదు. షాపులో దాచుకున్న ప్రోగ్రాం ప్రతిని తెరిచి, మొదటినుంచి చదువుతూ కూర్చున్నాడు. పక్కన పెట్టిన టీ మీద మీగడ కట్టింది. అప్పుడు ఒక లైను దగ్గర అతని వేలు ఆగిపోయింది.

కొత్త బోర్డు తయారుచెయ్యి. ఆ లైను చెప్పేది అంతే.

ప్రోగ్రాం అంటే ఒకడే చేసే పని కాదు. ఒక్కో పనికి ఒక్కో ముక్క ఉంటుంది. ఆ ముక్కను వాళ్లు క్లాసు అంటారు. గొట్టంలో తేలే డబ్బా చెప్పే మట్టాన్ని తెచ్చేది ఒక క్లాసు. గేటు తెరిచి ఉందో మూసి ఉందో చెప్పేది ఇంకొకటి. కొలతాయన చేత్తో పంపే లెక్క అందుకునేది మరొకటి. ఎవరు తెచ్చినా రాయాల్సింది గోడమీద కనబడే ఆ ఒక్క బోర్డు మీదే. అందుకని బోర్డాయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. బోర్డును తనే ఒకసారి తయారుచేస్తాడు. పుట్టిన ప్రతి క్లాసు చేతిలోనూ దాన్నే పెడతాడు. ఇదిగో, నీ సొంతం కాదు, అందరిదీ, దీనిమీదే రాయి అన్నట్టు.

చేతిలెక్క క్లాసుకు కూడా ఆ బోర్డు ఇచ్చాడు. అది ఆ బోర్డును చేత్తో పట్టుకుని, తనకోసం ఇంకో బోర్డు తయారుచేసుకుంది. అచ్చం ఆ పోలికే. అదే గడి, అవే రంగులు. ఒకటే తేడా, దాన్ని తెరమీదికి రమ్మని ఎవరూ పిలవలేదు. యంత్రం కడుపులో ఉంటుంది, ఏ కంటికీ ఆనదు. కొలతాయన పంపిన లెక్కలన్నీ దానిమీద పడ్డాయి. రాయాల్సింది రాశాను గదా అని ఆ క్లాసు నిమ్మళంగా "చేరింది" అని జవాబు కూడా పంపింది. తప్పు జరిగినట్టు ఒక్క గంట మోగలేదు. యంత్రం లెక్కన అసలు తప్పే జరగలేదు.

తేలే డబ్బా ఉన్న గొట్టం ఎర్రగీత దాకా లేదు. దాని మూతి దగ్గరికి వచ్చి డబ్బా ఇరుక్కుంది. గోడమీది బోర్డు ఆ మట్టం దగ్గరే, ఆ పచ్చరంగులోనే నిలిచిపోయింది. గొట్టం మించిన నీళ్లు పెద్ద వరద తర్వాత మళ్లీ రాలేదు గనక చేతిలెక్కతో పనిపడటం అదే మొదలు.

ఆ లైను ఎందుకు వచ్చిందో కూడా బోర్డాయనకు తెలిసిపోయింది. క్లాసును విడిగా బల్లమీద పరీక్ష చేసేటప్పుడు అందరి బోర్డూ అక్కడ ఉండదు. చూసుకోవడానికి ఒకటి కావాలి కాబట్టి, అప్పటికప్పుడు ఒకటి చేసుకుంటారు. పరీక్ష అయ్యాక ఆ లైను తీసెయ్యాలి. తీయలేదు. పరీక్షలో అంకెలు చక్కగా కనబడ్డాయి, అతను కూడా చూసి, భేష్ అని తనే మిగతా ప్రోగ్రాంలో కలిపాడు.

రాసినవాళ్ల పేరు లైను పక్కనే ఉంటుంది. చూడాల్సిన పని లేకపోయింది. షాపులో ఉండేది ఇద్దరే. తనూ, మేనకోడలూ. చిన్నగా, చురుగ్గా ఉంటుందని ఆ పిల్లను ఇంట్లో పిచ్చుక అంటారు. కొలతాయనకు ఒక్కతే కూతురు.

అతను ముందు చెయ్యాల్సిన పని చేశాడు. దిగువన ఇంకో చప్టా దగ్గర ఇదే ప్రోగ్రాం నడుస్తోంది. అక్కడివాళ్లకు ఫోను చేసి, మట్టం నోటితో చెప్పుకోండి, తెరను నమ్మొద్దని చెప్పాడు. షాపు నుంచే అక్కడి లైను సరిచేశాడు. తర్వాత చెప్పులేసుకుని అక్క ఇంటికి వెళ్లాడు.

అక్క వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. బావ ఏడని అడిగితే తీగ మీదినుంచి కళ్లు తిప్పలేదు. "ఏట్లో నీళ్లున్నాయో లేదో చూసొస్తానని పోయాడు. ఆ చూపేదో ఆ రోజే చూసుంటే మనకీ గతి ఉండేది కాదు." ఆ మాట అన్నాక ఒక చొక్కాను దులిపిందే దులిపింది. రేపు ఆ ఆఫీసరు కాళ్లు పట్టుకునైనా, కునుకు పట్టింది బాబూ అని ఒప్పుకోమని చెప్పు, నిజం చెప్తే కాస్త దయ చూపుతారు అంది. బోర్డాయన రేవు దారి పట్టాడు. ముందు బావకు చెప్పాలి.

కొలతాయన రేవు మెట్లమీద, అంకెలు వేసిన స్తంభం ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఉద్యోగం లేకపోయినా వచ్చి మట్టం చూసుకోవడం మానలేదు. ఎండ ఇంకా నీళ్లమీద ఉంది. బావమరిదిని చూసి పక్కకు జరిగాడు.

"ఏంరా, మొహం అలా ఉంది? నీ బోర్డు పగిలిందా?"

ఆ మాత్రం వేళాకోళం ఆయన నోట విని చాలా రోజులైంది. బోర్డాయనకు ఎలా మొదలెట్టాలో తెలియక, మొదటినుంచీ చెప్పాడు. రెండు పలకలు తీసుకుని చెప్పినట్టు చెప్పాడు. గోడకు ఒక పలక, అటకమీద ఒక పలక, నువ్వు రాసిందంతా అటకమీది దానిమీద పడింది అన్నాడు.

కొలతాయన వింటూ భుజంమీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్న చోటే మళ్లీ తుడుచుకున్నాడు.

"అయితే నేను పంపింది చేరింది."

"ప్రతిదీ చేరింది బావా."

మళ్లీ చెప్పమన్నాడు. బోర్డాయన మళ్లీ చెప్పాడు. అవి ఇంకా యంత్రంలో అలాగే ఉన్నాయని, దాన్ని ఆపలేదు కాబట్టి పోలేదని, ఉన్న బోర్డులన్నీ తెరమీదికి రప్పించే మీట ఒకటి తన పని కోసం ఎప్పుడో పెట్టుకున్నానని, రేపు అధికారి ముందు అది నొక్కితే చాలని చెప్పాడు. కొలతాయన ఏటికేసి చూస్తూ నవ్వాడు. పళ్లు కనబడని నవ్వు. తనమీద తనకే అనుమానం పుట్టిందిట ఈమధ్య. నిజంగా పంపానా, పంపానని కలగన్నానా అని మంచంమీద కొట్టుకునేవాణ్ణి అని చెప్పాడు. ఆ తర్వాత, మామూలుగా, కొట్లో సరుకు ధర అడిగినట్టు అడిగాడు.

"ఆ లైను రాసిందెవరు?"

"చూసి కలిపింది నేను."

"నేనడిగింది అది కాదు."

బోర్డాయన మెట్టుమీది నాచును గోటితో గీకుతూ ఉండిపోయాడు. కొలతాయన తువ్వాలు మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. మళ్లీ విప్పాడు.

"ఆపెయ్," అన్నాడు.

"ఏమిటి?"

"రేపు ఆ యంత్రం ముందు కూర్చోబెట్టేది నిన్నే. కూర్చోగానే ఆపి మళ్లీ వెయ్యి. మీవాళ్లు ఏది చెడినా ముందు చేసేది అదేగా. ఎవరూ తప్పు పట్టరు."

బోర్డాయన ఒప్పుకోలేదు. మనిషి ప్రాణం పోయింది, నీ ఉద్యోగం పోతుంది, జైలు కూడా పడొచ్చు, చెయ్యని తప్పుకు అదేం పని అన్నాడు. నేనే రాశానని చెప్తాను, మొత్తం నామీద వేసుకుంటాను అన్నాడు. కొలతాయన తల అడ్డంగా ఊపాడు.

"ఏ లైను ఎవరు కొట్టారో పేరుతో సహా పడుతుందని నువ్వే చెప్పావు. చెరిపినా చెరగదన్నావు. ఆ రోజు తెగ మెచ్చుకున్నావు ఆ ఏర్పాటుని."

అది నిజమే. కొలతాయన గొంతు తగ్గించాడు. చుట్టుపక్కల ఎవరూ లేకపోయినా తగ్గించాడు.

"ఒరేయ్, నేను నిద్రపోయినవాణ్ణి అయితే జనం తిడతారు, కొన్నాళ్లకు వాళ్లకే విసుగొస్తుంది. పిచ్చుక మనిషి ప్రాణం తీసిందని తేలితే? ఎవరూ ఏమీ అనకపోయినా అదే అనుకుంటుంది, బతికినన్నాళ్లూ. నాకు ఇంకెంత బతుకుందని. దానికి ముందంతా ఉంది."

"అక్క కూడా నువ్వు నిద్రపోయావనే అనుకుంటోంది."

"అనుకోనీ. ఇన్నేళ్లలో నామీద అనుకోనిదేముంది మీ అక్క."

చెయ్యి చాచి బావమరిది మణికట్టు పట్టుకున్నాడు. మాటివ్వమన్నాడు. బోర్డాయన మాట ఇవ్వలేదు. ఇవ్వనని కూడా అనలేదు. తల మాత్రం కొద్దిగా వంగింది. కొలతాయన దాన్నే మాట కింద తీసుకుని చెయ్యి వదిలాడు.

పొద్దు వాలకముందే అతను షాపుకు తిరిగి వచ్చాడు. పిచ్చుక బల్ల దగ్గర ఆస్పత్రి తెర పని చేస్తోంది. మావయ్య రాగానే చేతులు మీటల మీదినుంచి తీసింది. ఏదో అడగాలని చూస్తున్నట్టుంది. అతను తన కుర్చీలో కూర్చుని, తెరిచి ఉన్న ప్రోగ్రాంను గబుక్కున మూసేశాడు. ఆపి వెయ్యడం అంటే ఎంతసేపు. వేలితో ఒక్క నొక్కు. రేపు ఈపాటికి ఆ రెండో బోర్డు ఉండదు, ఉండేదన్న గుర్తు ఉండదు. బావ అడిగిందీ అదే. కాదనడానికి తను ఎవరు అని సర్దిచెప్పుకుంటున్నాడు.

"మావయ్యా, ఒకటడుగుతాను. అమ్మతో చెప్పకు."

"అడుగు."

"నువ్వు నాన్నని నమ్ముతున్నావా?"

అతను పైకి చూశాడు. ఆ పిల్ల కళ్లు తెరమీదే ఉన్నాయి.

"మొదట నేను కూడా నమ్మాను. అందరితో పోట్లాడాను. ఇప్పుడేమో, నాన్న మొహం చూసినప్పుడల్లా, నిద్రపోయుంటాడనే అనిపిస్తోంది. పోయాడని కూడా కాదు, పోయి అబద్ధం చెప్తున్నాడని. ఆయన పక్కన కూర్చోలేకపోతున్నాను మావయ్యా."

అంతవరకు ఎటూ తేలక కొట్టుకుంటున్న మనిషికి అక్కడ తేలిపోయింది. బావ లెక్కలో ఇది లేదు. ఊళ్లోవాళ్ల నోళ్లు, పెళ్లాం నోరు అన్నీ లెక్కేసుకున్నాడు. ఎవరిని కాపాడాలని చూస్తున్నాడో ఆ పిల్లే తనను వదిలేస్తుందని వేసుకోలేదు. ఇప్పుడే చెప్పెయ్యాలని నోరు తెరిచాడు. ఇంటికి పోయి తండ్రీ కూతుళ్లు ఇద్దరూ రాత్రంతా ఒకే కప్పు కింద ఏమైపోతారో అని భయమేసింది. రేపు పొద్దున్నే రా, తొందరగా రా అని మాత్రం చెప్పి పంపించాడు.

మర్నాడు పొద్దున అతను షాపు తలుపు సగమే ఎత్తాడు. పిచ్చుక వంగి లోపలికి వచ్చింది. కూర్చోమని తన కుర్చీ ఇచ్చాడు. ప్రోగ్రాం తెరిచి, ఆ లైను చూపించి, పక్కన నిలబడ్డాడు. ఒక్క ముక్క విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు. పనిలో పుట్టి పెరిగిన పిల్ల. చదివింది. కిందికి జరిపింది. మళ్లీ పైకి వచ్చి చదివింది. లైను పక్కన తన పేరు దగ్గర వేలు పెట్టి, ఆ వేలు తియ్యడం మరిచిపోయినట్టు ఉండిపోయింది.

"పరీక్షకని పెట్టాను," అంది.

"తెలుసు. నేను చూసుకోవాల్సింది. చూడలేదు."

"నాన్నకి తెలుసా?"

"నిన్న చెప్పాను."

"ఏమన్నాడు?"

బోర్డాయన దాచలేదు. ఆపెయ్యమన్నాడని చెప్పాడు. మాటివ్వమన్నాడని, తను తల వంచానని కూడా చెప్పాడు. నీ సంగతి నీకు తెలియకుండా మేమిద్దరం కూర్చుని తేల్చడం నాకు నచ్చలేదు, అధికారి వచ్చే వేళయింది, నువ్వు ఏది చెయ్యమంటే అది చేస్తాను అన్నాడు. పిచ్చుక ఏడవలేదు. లేచింది. కుర్చీని బల్ల కిందికి సర్దింది. సగం ఎత్తిన తలుపు కింద వంగి బయటికి వెళ్లింది. అతను వెనకాలే వచ్చి చూశాడు. కంట్రోల్ రూముకు కుడివైపు పోవాలి. ఆ పిల్ల ఎడమవైపు తిరిగింది. పాలడిపో వెనక సందులోకి. ఆ సందు చివర ఇల్లు ఎవరిదో అతనికి తెలుసు. చచ్చిపోయిన డ్రైవరు భార్య ఉండే ఇల్లు.

పిలుద్దామని చెయ్యి ఎత్తి, దించేశాడు. వెంటపడి ఆపడానికి ఇంకెవరికి ఏ హక్కు ఉన్నా తనకు లేదనిపించింది. షాపుకు తాళం కూడా వెయ్యకుండా కుడివైపు నడిచాడు. మొదట మామూలుగా నడిచాడు, సందు మలుపు దాటాక పరుగెత్తాడు.

కంట్రోల్ రూము వరండాలో ఎవరూ లేరు. కాపలావాడు అధికారి జీపు వస్తోందని గేటు దగ్గరికి పోయాడు. సీలు వేసిన తలుపు సీలుతోనే ఉంది. దాని పక్కన గోడకు మెయిన్ స్విచ్చి పెట్టె. ఆ గదికి వేరే బ్యాటరీ ఏదీ లేదని, ఆ పిడి కిందికి లాగితే లోపల అన్నీ ఒక్కసారే చచ్చిపోతాయని అక్కడ పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. కొలతాయన ఆ పెట్టె తెరిచి, పిడిమీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. బావమరిది తల వంచడాన్ని ఆయన పూర్తిగా నమ్మినట్టు లేదు.

బోర్డాయన మెట్లెక్కి వెళ్లి ఆ చెయ్యిని రెండు చేతులతో పట్టుకున్నాడు. కొలతాయన కిందికి లాగబోయాడు. అతను పైకి నెట్టి పట్టాడు. ఇన్నేళ్లలో బావమీద చెయ్యి వెయ్యడం అదే మొదలు.

"వదలరా. నాకు మాటిచ్చావు."

"అమ్మాయికి చెప్పేశాను బావా."

పిడిమీది చెయ్యి పట్టు సడలలేదు. కొలతాయన మొహం మాత్రం తెల్లబోయింది. ఎక్కడుందని అడిగాడు. బోర్డాయన చెప్పాడు. గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు వినబడ్డాయి. కాపలావాడు ఎవరికో దారి చూపుతూ వస్తున్నాడు. ఇద్దరూ అటు చూడలేదు. నాలుగు చేతుల కింద ఆ పిడి ఇంకా పైనే ఉంది, బోర్డాయన దాన్ని పైకే పట్టి ఉంచాడు.